మిన్నెసోటా చలిని తట్టుకునే పూల క్రాబ్ యాపిల్: ఏ రకం, ఎక్కడ, ఎలా?

కొత్తింటి రవి · మేపుల్ గ్రోవ్ · ఆగస్టు 23

అందరికీ నమస్కారం. మా ఇంటి ముందున్న యాష్ చెట్టును ఎమరాల్డ్ బోరర్ పురుగు తొలిచేసింది. పోయిన నెల కొట్టించేశాం, మొద్దును కూడా పొట్టు చేయించాం. ఆ ఖాళీలో మే నెలలో నిండుగా పూసే చెట్టు ఒకటి పెట్టాలని ఉంది. నర్సరీలో ప్రయరీఫైర్, స్ప్రింగ్ స్నో, రాయల్టీ అని మూడు రకాల క్రాబ్ యాపిల్ (చిన్న కాయల యాపిల్ జాతి) మొక్కలు చూశాం. రాయల్టీ ఊదారంగు ఆకులు మా ఆవిడకు తెగ నచ్చాయి. నా భయం చలి గురించి. ఇక్కడి జనవరికి ఇవి నిలుస్తాయా? కాయలు రాలి కారు ఆపే చోటంతా పాడవుతుందా? ఇప్పుడు నాటవచ్చా, వచ్చే వసంతం దాకా ఆగాలా?

పెరటి పెద్దమ్మ · ఈగన్ · ఆగస్టు 23

రవి గారూ, చలి సంగతి మీరు అనుకున్నంత పెద్ద చిక్కు కాదు. మీరు చూసిన మూడూ ఇక్కడి శీతాకాలాన్ని దాటేవే. చలి తీవ్రతను బట్టి గీసిన మండలాల్లో ప్రయరీఫైర్‌కు నాలుగోది చాలు, అంటే సున్నాకు దిగువన 30 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఓర్చుకుంటుంది. 2019 జనవరి 30న మినియాపోలిస్‌లో మైనస్ 28 నమోదైంది. మర్నాడు ఉదయం తలుపు తీయడానికి నేను భయపడ్డాను కానీ, ఆ మే నెలలో ఊళ్ళో క్రాబ్ యాపిల్ చెట్లు ఎప్పటిలాగే పూశాయి.

ఇక్కడ ఈ చెట్లను దెబ్బతీసేవి వేసవి తెగుళ్ళు, చలికాలపు కుందేళ్ళు. అందుకే రకం ఎంచుకునేటప్పుడు పువ్వు రంగు చివరన చూడండి. మొదట ఆకులు రాల్చే స్కాబ్ తెగులుకు అది ఎంత తట్టుకుంటుందో అడగండి, తరువాత చిగుళ్ళు మాడ్చే ఫైర్ బ్లైట్ గురించి అడగండి, ఆపైన ఎత్తూ వెడల్పూ. ఈ లెక్కన రాయల్టీ వెంటనే తప్పుకుంటుంది. చలికి రాయిలా నిలుస్తుంది కానీ స్కాబ్‌కూ ఫైర్ బ్లైట్‌కూ సులువుగా లొంగుతుంది. నర్సరీ కుండీలో మెరిసే ఆ ఊదారంగు ఆకు ఆగస్టు నాటికి చెట్టు మీద ఉంటుందనే హామీ లేదు.

లెక్కల మాస్టారు · వుడ్‌బరీ · ఆగస్టు 23

చిన్న సవరణ. అమెరికా వ్యవసాయ శాఖ 2023లో కొత్త మండలాల పటం వేసింది. దాని ప్రకారం మన జంట నగరాల్లో (మినియాపోలిస్, సెయింట్ పాల్) చాలా భాగం ఇప్పుడు 5ఎ మండలం. అంటే మైనస్ 20 వరకు తట్టుకునేవి కూడా చాలు. నాలుగో మండలపు రకాలకే కట్టుబడడం ఎందుకు?

పెరటి పెద్దమ్మ · ఆగస్టు 24

మాస్టారూ, ఆ పటం 1991 నుంచి 2020 వరకు ఏటా వచ్చిన అతి తక్కువ ఉష్ణోగ్రతల సగటు. సగటంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? అందులో మైనస్ 28 వచ్చిన 2019 కూడా ఉంది. చెట్టును చంపడానికి సగటు అవసరం లేదు, ఒక్క రాత్రి చాలు. ముప్పై ఏళ్ళు ఉండాల్సిన చెట్టుకు ఒక మండలం ఎక్కువే చూసుకోవడం మేలు.

లెక్కల మాస్టారు · ఆగస్టు 24

ఒప్పుకున్నాను.

సస్కటూన్ సుబ్బారావు · ఆగస్టు 24

మీ మైనస్ 28 ఫారన్‌హీట్ చూస్తే మాకు నవ్వు వస్తుంది. ఇక్కడ కెనడాలో మైనస్ 40 వచ్చినప్పుడు ఫారన్‌హీటా, సెల్సియసా అని అడగనక్కరలేదు, రెండూ ఒకటే. అయినా మా వీధి పొడవునా క్రాబ్ యాపిల్ చెట్లే.

ఈ చలి ఓర్పుకు మూలం సైబీరియన్ క్రాబ్, శాస్త్రనామం మాలస్ బకాటా. సైబీరియా, మంగోలియా, ఉత్తర చైనాల్లో అడవిగా పెరుగుతుంది. ఈ మైదానాల్లో తయారైన గట్టి రకాల్లో చాలావాటికి దాని రక్తం ఉంది. దక్షిణ డకోటాలో నీల్స్ హాన్సెన్ అనే శాస్త్రవేత్త 1897లో రష్యా నుంచి తెప్పించిన విత్తనాల నుంచి వచ్చిందే డోల్గో. దాన్ని 1917లో విడుదల చేశారు. అటావాలో ఇసబెల్లా ప్రెస్టన్ 1920లలో ఎర్రటి మొగ్గల రోజీబ్లూమ్ రకాలు తయారు చేసి వాటికి కెనడా సరస్సుల పేర్లు పెట్టింది.

రవి గారి శ్రీమతికి ఊదా ఆకులే కావాలంటే మా సస్కచ్వాన్‌లో పుట్టిన థండర్‌చైల్డ్ అడగండి. రాయల్టీ రంగుకు దగ్గరగా ఉంటుంది, ఫైర్ బ్లైట్‌కు బాగా నిలబడుతుంది. స్ప్రింగ్ స్నో కూడా ఇక్కడిదే, డోల్గో పిల్ల. మా వాళ్ళంతా అదే నాటుతారు, ఎందుకంటే కాయే కాయదు. ఊడ్చే పని లేదు.

మంచులో మల్లె · ప్లిమత్ · ఆగస్టు 24

కాయ కాయని చెట్టును ఎవరైనా కోరి పెట్టుకుంటారా! మా వదిన ఇంట్లో డోల్గో ఉంది. ఆగస్టు చివర్లో ఎర్రగా, ఉసిరికాయంత కాయలు బుట్టలకొద్దీ వస్తాయి. అంత పులుపు ఇక్కడి ఏ దుకాణంలోనూ దొరకదు. వాక్కాయ వేసి చేసే పప్పు గుర్తుందా? అచ్చం అలాగే చేస్తాం. కాయను నాలుగు చీలికలు చేసి, మధ్యలో గింజల గది తీసేసి, కందిపప్పు ముప్పావు వంతు ఉడికాక వేయాలి. ముందే వేస్తే పులుపుకు పప్పు మెత్తబడదు. పచ్చిమిర్చి, ఇంగువ పోపు.

పెరటి పెద్దమ్మ · ఆగస్టు 24

గింజలు తీయడం మాత్రం మరవకండి. యాపిల్ జాతి గింజల్లో అమిగ్డలిన్ ఉంటుంది, నలిగితే సయనైడ్ పుడుతుంది. ఒకటీ అరా మింగితే ఏమీ కాదు కానీ, పచ్చడికని కాయను గింజతో సహా మిక్సీలో వేయకూడదు. ఇంకొక మాట. వేళ్ళకు పురుగుమందు పోసిన చెట్టు కాయలు వంటకు వద్దు. ఇల్లు కొత్తగా కొన్నవారు, పాత యజమాని ఏ మందు వాడాడో తెలుసుకోకుండా కోయకండి.

కొత్తింటి రవి · ఆగస్టు 25

ఇంత సమాచారమా! మా ఆవిడ ఊదారంగు వదులుకోవడానికి సిద్ధపడింది, పప్పు సంగతి చదివాక మరీ. కానీ ఇంటి ముందు కారు ఆపే చోటు పక్కనే కదా, డోల్గో కాయలు రాలితే కష్టం. స్ప్రింగ్ స్నో వైపు మొగ్గుతున్నాం.

సేద్యం చదివినవాడు · ఆగస్టు 25

కొంచెం ఆగండి. నేను సోలన్ దగ్గర నౌణి విశ్వవిద్యాలయంలో పండ్ల తోటల పెంపకం చదివి, ఇప్పుడు విస్కాన్సిన్‌లో ఉంటున్నాను. స్ప్రింగ్ స్నో పువ్వు అందం కాదనను. కానీ స్కాబ్‌ను ఓర్చుకోవడంలో అది వెనకబడిన రకం. ఈ తెగులు ఎలా నడుస్తుందో చెబుతాను, ఆ తరువాత మీ ఇష్టం.

వెంటూరియా అనే శిలీంధ్రం కిందటేడు రాలిన ఆకుల్లో చలికాలం గడుపుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వాన పడినప్పుడు ఆ ఆకుల నుంచి బీజాలు పైకి లేచి లేత ఆకుల మీద వాలతాయి. ఆకు కొన్ని గంటలు తడిగా ఉంటే చాలు, పట్టుకుంటుంది. మొదట మాసిన ఆకుపచ్చ మచ్చలు, తరువాత నల్లగా మారుతాయి. ఆకు పసుపెక్కి జులైకల్లా రాలడం మొదలవుతుంది. చెట్టు వెంటనే చావదు. కానీ ఏటా వేసవి మధ్యలో ఆకు పోగొట్టుకునే చెట్టు బలహీనపడుతుంది, మరుసటి ఏటి పూమొగ్గలు తయారయ్యేదీ ఆ వేసవిలోనే కాబట్టి పూత కూడా తగ్గుతుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయమే 1958లో విడుదల చేసిన రేడియంట్ అనే రకాన్ని పాత వీధుల్లో చూడండి. మేలో కళ్ళు చెదిరే గులాబీ రంగు, ఆగస్టులో బోసి కొమ్మలు.

మందులు లేవా అంటే ఉన్నాయి. మొగ్గ విచ్చి ఆకుపచ్చ కొస కనబడగానే మొదలుపెట్టి, తడి వాతావరణం ఉన్నన్నాళ్ళూ వారం, రెండు వారాలకోసారి కొట్టాలి. ఇరవై అడుగుల చెట్టుకు ఏటా అంత పని ఎవరు చేస్తారు? మొదటే తెగులు పట్టని రకం తెచ్చుకుంటే ఆ బాధ ఉండదు.

కాయలు రాలతాయన్న భయానికి కూడా దారి ఉంది. డోల్గో వంటి పెద్ద కాయలే రాలి చిందరవందర చేస్తాయి. ప్రయరీఫైర్ కాయ అర అంగుళం కూడా ఉండదు, ముదురు ఎరుపు. మంచు పడ్డాక కూడా కొమ్మనే పట్టుకుని ఉంటుంది. ఎండి మెత్తబడ్డాక రాబిన్‌లు, సీడార్ వాక్స్‌వింగ్ పిట్టలు గుంపులుగా వచ్చి తినిపోతాయి. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డేనియల్ డేటన్ తయారు చేయగా 1982లో వచ్చిన రకం ఇది. తెల్లపువ్వే కావాలనుకుంటే షుగర్ టైమ్ చూడండి, దాని కాయ కూడా చలికాలమంతా నిలుస్తుంది.

సస్కటూన్ సుబ్బారావు · ఆగస్టు 25

మా గాలి పొడి. అందుకే స్ప్రింగ్ స్నో మాకు సరిపోయింది కాబోలు. మీ తడి వసంతాలకు అది వేరే లెక్క. నా ఓటు వెనక్కు తీసుకోను గానీ, రవి గారి ఊరికి అది చెల్లదని ఒప్పుకుంటాను.

మంచులో మల్లె · ఆగస్టు 25

పెరట్లో మాకు హనీక్రిస్ప్ యాపిల్ ఒకటి ఉంది. పూత బాగానే వస్తుంది, కాయ నిలవదు. క్రాబ్ యాపిల్ పెడితే కాస్తుందని విన్నాను, నిజమేనా?

సేద్యం చదివినవాడు · ఆగస్టు 25

నిజమే. హనీక్రిస్ప్ తన పరాగంతో తాను కాయదు, ఇంకో రకం కావాలి. అదే సమయంలో పూసే క్రాబ్ యాపిల్ వంద అడుగుల లోపల ఉంటే తేనెటీగలు మిగతా పని చూసుకుంటాయి. హిమాచల్ తోటల్లో కూడా రాయల్ డెలీషియస్ వరుసల మధ్య ఇందుకే మాంచూరియన్, స్నోడ్రిఫ్ట్ వంటి క్రాబ్ రకాలు నాటుతారు. స్ప్రింగ్ స్నోను మాత్రం ఈ పనికి నమ్ముకోవద్దు, అది గొడ్డు రకం. మీకు పప్పు కూడా ముఖ్యం కాబట్టి డోల్గో పెట్టండి, రెండూ తీరుతాయి. లేదా మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారి చెస్ట్‌నట్. పేరుకు క్రాబ్ యాపిలే కానీ తియ్యగా ఉంటుంది, పిల్లలు చెట్టు మీదే తినేస్తారు.

హైదరాబాద్ నుంచి హరిత · ఆగస్టు 26

ఫోటోలు చూస్తే మతి పోతోంది. కొంపల్లిలో మా ఇంటి ముందు పెట్టుకోవచ్చా? కుండీలో అయినా సరే.

సేద్యం చదివినవాడు · ఆగస్టు 26

వద్దండీ. దీనికి చలికాలంలో వారాల తరబడి నిద్ర కావాలి. ఆ చలి గంటలు చాలకపోతే వసంతంలో మొగ్గ సరిగా విచ్చదు. మీకు గన్నేరు, దేవకాంచనం, టబూబియా ఉన్నాయి, వాటిని చూసి మేమిక్కడ కుళ్ళుకుంటాం.

కొత్తింటి రవి · ఆగస్టు 27

ప్రయరీఫైర్ ఖాయం. ఇప్పుడు నాటడం గురించి చెప్పండి. యాష్ ఉన్న చోటే పెట్టవచ్చా?

పెరటి పెద్దమ్మ · ఆగస్టు 27

సరిగ్గా అక్కడే వద్దు. మొద్దు పొట్టు మట్టిలో కుళ్ళుతూ నత్రజనిని లాగేసుకుంటుంది, నేల కుంగుతుంది కూడా. కొన్ని అడుగులు పక్కకు జరపండి. ఈ చెట్టు అడ్డంగా కూడా ఇరవై అడుగులు విస్తరిస్తుంది, అందుకని గోడ నుంచి, నడకదారి నుంచి కనీసం పది అడుగులు వదలండి. రోజుకు ఆరు గంటలు తగ్గని ఎండ కావాలి. నీడలో పూత పలచబడుతుంది, ఆకు తడి ఆరక తెగులూ పెరుగుతుంది. గుంట తవ్వేముందు 811కు ఫోను చేయండి, ఉచితం. గ్యాసు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో వచ్చి రంగు గుర్తులు పెట్టిపోతారు. మీ కాలనీ సంఘానికి చెట్ల మీద ఆంక్షలున్నాయేమో కూడా కనుక్కోండి.

సెప్టెంబరు నాటడానికి మంచి కాలం. మట్టి వెచ్చగా ఉంటుంది, ఎండ తగ్గుతుంది, నేల గడ్డకట్టేలోగా వేళ్ళు కొంత పట్టుకుంటాయి. అక్టోబరు మొదటి వారాలు దాటనివ్వకండి.

ఇక అసలు సంగతి, లోతు. ఇక్కడ నేను చూసిన వాడిపోయే చెట్లలో ఎక్కువ భాగం లోతుగా పాతినవే. కాండం అడుగున వెడల్పై వేళ్ళుగా విడిపోయే చోటు ఉంటుంది చూశారా, అది నేలమట్టానికి కనబడాలి. నర్సరీ కుండీల్లో దాని మీద మూడు నాలుగు అంగుళాల మట్టి పేరుకుని ఉండవచ్చు. పై మట్టిని వేళ్ళతో తీసుకుంటూ వెళ్ళి, ఆ చోటు కనబడ్డాకే గుంట లోతు నిర్ణయించండి. వెడల్పు మాత్రం వేళ్ళ ముద్దకు రెండు మూడింతలు ఉండాలి. కుండీ చుట్టూ తిరిగిన వేళ్ళను కోసేయండి, మొహమాటపడకండి. వాటిని అలాగే వదిలితే ఏళ్ళు గడిచాక కాండాన్నే బిగించి చంపుతాయి. తవ్విన మట్టినే తిరిగి నింపండి, ఎరువులు కలపకండి. ఆలస్యంగా నత్రజని వేస్తే లేత కొమ్మలు తొడుగుతాయి, అవి చలికి ముదరవు.

పైన మూడు నాలుగు అంగుళాల చెక్కపొట్టు పరచండి, కాండానికి తగలకుండా. ఇక్కడ తోటపని చేసేవారు కాండం చుట్టూ పుట్టలా పోస్తారు, అది చూసి మీరు నేర్చుకోకండి. బెరడు తడిసి కుళ్ళుతుంది, ఎలుకలకు ఇల్లు కట్టించినట్టు కూడా.

నీళ్ళు మొదటి రెండు వారాలు రోజూ, తరువాత రెండు మూడు రోజులకోసారి, నేల గడ్డకట్టే దాకా. వేళ్ళ ముద్ద మీదే పోయాలి. పచ్చిక మీద తిరిగే స్ప్రింక్లర్‌తో సరిపోదు, అది ఆకును తడుపుతుంది కానీ వేరును తడపదు.

లెక్కల మాస్టారు · ఆగస్టు 27

పచ్చిక అంటే గుర్తొచ్చింది. డాండెలియన్లకు కొట్టే కలుపు మందులో 2,4-డి, డికాంబా ఉంటాయి. పచ్చికను గడ్డి కాబట్టి వదిలేస్తాయి, చెట్టును వదలవు. డికాంబా వేళ్ళ ద్వారా కూడా ఎక్కుతుంది. మందు కొట్టే కంపెనీతో ఒప్పందం ఉంటే చెట్టు చుట్టూ వదిలేయమని ముందే చెప్పండి.

కొత్తింటి రవి · సెప్టెంబరు 14

నాటేశాం! కుండీలో నాలుగంగుళాల మట్టి తీస్తే కానీ ఆ వెడల్పు చోటు బయటపడలేదు. పెద్దమ్మ గారూ, మీరు చెప్పకపోతే అలాగే పాతేసేవాళ్ళం. చలికాలానికి గోనెసంచి చుట్టాలా?

పెరటి పెద్దమ్మ · సెప్టెంబరు 14

గోనె అక్కరలేదు. కావలసినవి రెండు.

నవంబరులో కాండానికి తెల్లటి రక్షక పట్టీ చుట్టండి, ఏప్రిల్‌లో తీసేయండి. ఫిబ్రవరి మధ్యాహ్నపు ఎండ నైరుతి వైపు లేత బెరడును వేడెక్కిస్తుంది, సూర్యుడు దిగగానే ఒక్కసారిగా గడ్డకడుతుంది, బెరడు నిలువునా చీలుతుంది. తెల్లరంగు ఆ ఎండను తిప్పికొడుతుంది. వేసవిలో మాత్రం పట్టీ ఉంచవద్దు, లోపల తేమకు పురుగులు చేరతాయి.

రెండోది కుందేళ్ళ కోసం ఇనుప జాలీ. పావు అంగుళం కన్నుల జాలీ తెచ్చి, కాండానికి కొంచెం ఎడంగా గుండ్రంగా నిలబెట్టి, అడుగును రెండు మూడు అంగుళాలు మట్టిలో దింపండి, వోల్ ఎలుకలు కింద నుంచి దూరకుండా. ఎత్తు ఎంతన్నదే అందరూ పొరబడే విషయం. కుందేలు నేల మీద నిలబడదు, మంచు మీద నిలబడుతుంది. మీ దగ్గర మంచు ఎంత ఎత్తు పేరుకుంటుందో చూసుకుని, దాని పైన ఇంకో రెండు అడుగులు ఉండాలి. బెరడును చుట్టూ కొరికేస్తే ఆకులు తయారు చేసిన ఆహారం వేళ్ళకు చేరదు, చెట్టు పోతుంది. మైనస్ ముప్పై డిగ్రీల చలిని తట్టుకునే చెట్టు ఒక కుందేలుకు బలైపోతుంది, ఏమనాలి!

సస్కటూన్ సుబ్బారావు · సెప్టెంబరు 15

మంచు బాగా పడ్డాక ఒకసారి వెళ్ళి జాలీ చుట్టూ ఉన్న మంచును కాలితో తొక్కి కుదించండి. ఎలుకలు మంచు కింద సొరంగాలు చేసుకుని వస్తాయి, గట్టిబడితే ఆ దారి మూసుకుంటుంది. వీధిలో ఉప్పు చల్లిన మంచును పారతో ఎత్తి చెట్టు మొదట్లో మాత్రం పోయకండి.

కొత్తింటి రవి · మే 14

అందరికీ కృతజ్ఞతలు. చెట్టు బతికింది. జాలీ చుట్టూ కుందేలు పెంటికలు కుప్పలుగా ఉన్నాయి, కాండం మీద గాటు లేదు. చిన్న చెట్టే అయినా ముదురు గులాబీ పూలు గుత్తులుగా వచ్చాయి. మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు, పువ్వులు కోసి దేవుడికి పెడుతున్నారు, ఆపలేకపోతున్నాం. రెండు సందేహాలు. మొదట్లో నేల నుంచి నిటారుగా రెండు పిలకలు లేచాయి, వాటి ఆకు వేరుగా, పచ్చగా ఉంది. పైన రెండు కొమ్మలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి, ఒకటి ఇప్పుడే తీసేయనా?

సేద్యం చదివినవాడు · మే 14

పిలకలు అంటు కింద ఉన్న వేరు మొక్కవి. వదిలితే అసలు చెట్టును మించిపోతాయి. మట్టి పక్కకు తీసి, పుట్టిన చోటే లాగేయండి. దీనికి ముహూర్తం అక్కరలేదు.

కొమ్మను మాత్రం ఇప్పుడు ముట్టుకోకండి. పూత సమయంలో వెచ్చటి వానలు పడితే ఫైర్ బ్లైట్ బాక్టీరియా పువ్వుల నుంచీ, పచ్చి గాయాల నుంచీ లోపలికి వెళుతుంది. ఫిబ్రవరి చివరన లేదా మార్చి మొదట్లో, పొడిగా ఉన్న రోజు చూసి కత్తిరించండి. లోపలికి తిరిగిన కొమ్మ తీసేసి, బయటికి పోయేది ఉంచండి. అంతకుముందే ఏదైనా చిగురు కొస మాడి చేతికర్ర వంకీలా వంగితే, అది ఆ తెగులే, అప్పుడు ఆగవద్దు. మాడిన చోటుకు పది పన్నెండు అంగుళాల కిందికి కోసి, ప్రతి కోతకూ కత్తెరను 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి.

మంచులో మల్లె · మే 15

రవి గారూ, అత్తగారిని ఆగస్టు చివరిదాకా ఉండమనండి. డోల్గో కాయలు పంపిస్తాను, ఆవిడ చేత ఊరగాయ పట్టించి మాకో సీసా పంపండి.

కొత్తింటి రవి · మే 15

చెప్పాను. ఆవాలు పెట్టాలా, మెంతులు పెట్టాలా అని ఇప్పుడే ఆలోచనలో పడ్డారు. కాయ కండ ఎంత గట్టిగా ఉంటుందని అడుగుతున్నారు.

మంచులో మల్లె · మే 15

పచ్చిగా ఉన్నప్పుడు కరకరలాడుతుంది, పండితే మెత్తబడుతుంది. ఎరుపు పూర్తిగా తిరగకముందే కోసి పంపుతాను.